యుద్ధవిమానాలకు సంఖ్య ముఖ్యమా, నాణ్యత ముఖ్యమా?

రెండూ కావాలి. నాణ్యత ఒక స్థాయికి చేరాక కొరతను తీర్చేది సంఖ్యే, ఆ స్థాయి లేకపోతే మాత్రం ఎన్ని విమానాలున్నా ఫలితం ఉండదు.

కారణం సులభం. ఎంత గొప్ప విమానమైనా ఒక సమయంలో ఒక్క చోటే ఉంటుంది, మోయగలిగిన క్షిపణులు అయిపోగానే తిరిగి రావాల్సిందే. పైగా ఏ దళంలోనైనా కొన్ని మరమ్మతులో, కొన్ని శిక్షణలో ఉంటాయి. దళం చిన్నదైతే ఈ లోటు మరీ బాధిస్తుంది, కూలిన ప్రతి విమానమూ పెద్ద దెబ్బే. అటువైపు, శత్రువును ముందుగా పసిగట్టలేని రాడార్‌తో వెళ్లే పాత విమానాల గుంపు పైలట్ల ప్రాణాలను పణంగా పెడుతుంది. నా దృష్టిలో ఇది అన్నిటికంటే పెద్ద తప్పు.

అమెరికా 1970లలో మధ్యేమార్గం పట్టింది. ఖరీదైన రెండు ఇంజన్ల ఎఫ్-15లతోనే దళమంతా నింపడం సాధ్యం కాదని, ఒకే ఇంజన్ గల చవకైన ఎఫ్-16లను పెద్ద సంఖ్యలో చేర్చుకుంది. మొదట్లో రెండింటికీ ఒకే రకం ఇంజన్ వాడడం నిర్వహణకు కలిసొచ్చింది.

చాలామంది జాబితాలోని విమానాలను లెక్కపెట్టి బలాన్ని పోలుస్తారు. అది పొరపాటు. ఆ ఉదయం ఎగరడానికి సిద్ధంగా ఉన్నవెన్ని, వాటికి తగిన శిక్షణ పొందిన పైలట్లు, విడిభాగాలు, క్షిపణులు ఉన్నాయా అన్నదే అసలు లెక్క.