హోమ్ స్టూడియో స్పీకర్లకు సబ్‌వూఫర్ కలపడం అవసరమా?

మీ స్పీకర్లు బాగా కిందిస్థాయి స్వరాలను వినిపించలేకపోతే, ఆ స్వరాల కోసమే ఉండే ప్రత్యేక స్పీకర్ అయిన సబ్‌వూఫర్ పనికొస్తుంది, కానీ గదిలో బాస్ (ఆ కిందిస్థాయి శబ్దం) ఇప్పటికే గుమ్మని మోగుతుంటే అది ఆ ఇబ్బందిని పెంచుతుందే తప్ప తగ్గించదు.

5 అంగుళాల వూఫర్ (బాస్‌ను పలికే భాగం) ఉన్న స్పీకర్లు చాలావరకు 50 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే నీరసపడతాయి. మామూలు బాస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్జ్. అంటే పాటలోని శబ్దాలను తగుపాళ్లలో కలిపేవారు, అంటే మిక్స్ చేసేవారు, దాన్ని పూర్తిగా వినకుండానే ఎంత ఉండాలో నిర్ణయిస్తున్నారు. క్రాసోవర్‌ను, అంటే శబ్దాన్ని రెండిటికీ పంచే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అంతకు కిందిది సబ్‌వూఫర్ మోస్తుంది, పైది స్పీకర్లు చూసుకుంటాయి. సిగ్నల్ సబ్‌వూఫర్ గుండా స్పీకర్లకు వెళ్లేలా కలిపితే వాటి మీద బరువు తగ్గి, మధ్యస్థాయి శబ్దం కూడా తేటపడుతుంది.

అసలు కష్టం దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే. 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ స్వరం ఆ చివరి గోడల దగ్గర మోతగా, గది నడుమ దాదాపు లేనట్టుగా వినిపిస్తుంది. అందుకే ముందు సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, గదంతా తిరిగి వినండి. బాస్ సమంగా వినిపించిన చోటే దాన్ని ఉంచండి.

సబ్‌వూఫర్ అంటే బాస్‌ను బిగ్గరగా వినిపించేదని చాలామంది అనుకుంటారు. సరిగ్గా అమర్చితే అది విడిగా వినిపించదు, ఆపేసినప్పుడే లోటు తెలుస్తుంది. దాని శబ్దం ఎక్కువగా పెట్టుకుని మిక్స్ చేస్తే, వేరే చోట విన్నప్పుడు ఆ పాటలో బాస్ పలచగా ఉంటుంది.