అగ్నివీర్‌కి వెళ్తానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

నువ్వు అగ్నివీర్‌కి, అంటే సైన్యంలో ఆ నాలుగేళ్ల కొలువుకి అప్లై చేశావని అక్క ఫోన్‌లో చెప్పింది. ముందు గర్వంగా అనిపించింది. రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది.

పరుగు, పులప్స్ మానకు. సర్టిఫికెట్లన్నిట్లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకో.

అసలు చెప్పాల్సింది ఇది. నేను సైన్యంలో చేరినప్పుడు ట్రైనింగ్‌లో నా పక్క మంచం కుర్రాడికి మోకాలి కింద ముందు ఎముకలో నొప్పి మొదలైంది. చెబితే రెలిగేట్ చేసి తర్వాతి బ్యాచ్‌లోకి నెట్టేస్తారని దాచాడు. లైట్లు ఆర్పాక తడి తువ్వాలు కాలికి బిగించుకునేవాడు. తెల్లారేసరికి అందరికంటే ముందే బూట్లు తొడుక్కుని నిలబడేవాడు. ఒకరోజు పరుగులో ఆ ఎముక కాస్తా విరిగింది. మొదట్లోనే చెప్పుంటే విశ్రాంతితో తగ్గేది. వాడి ఉద్యోగమే పోయింది. నొప్పి పుట్టిన రోజే ఎంఐ రూమ్‌కి, అంటే అక్కడి డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎవడు ఏమన్నా సరే, వింటున్నావా?

ఆ వయసు అంతే రా, ఒంటిని లెక్కచేయదు. యుద్ధాలు కుర్రాళ్ల మీద పడేది అందుకే. 1971 యుద్ధంలో తగలబడుతున్న ట్యాంకు వదిలి రమ్మన్నా రాని అరుణ్ ఖేత్రపాల్‌కి 21 ఏళ్లు. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద ఒంటినిండా తూటాలతో పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కి 19. వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 నిండాలి, నీకు తుపాకీ ఇవ్వడానికి పదిహేడున్నర చాలు. నీకింకా ఓటు కూడా లేదు. యుద్ధమా కాదా అని తేల్చే చోట కూర్చునే వయసు రాకముందే నీ నాలుగేళ్లు అయిపోతాయి. ఆ భారం కుర్రాళ్లదే అంటే నేను ఒప్పుకోను. మోసేది మీరైతే, ఎందుకు మోయిస్తున్నారని పెద్దవాళ్లం మేం అడగాలి.

నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. నాకొచ్చే పెన్షన్ మిగతావాళ్లకు రాదు, చేతికొచ్చేది సేవానిధి అని చివర్లో ఒక్కసారే ఇచ్చే పది లక్షల చిల్లర. అందుకే చదువు ఆపొద్దు, సర్వీసులో ఉంటూనే డిగ్రీ కట్టు.

అక్కకు చెప్పకుండా అప్లై చేయడం మాత్రం తప్పు. 18 నిండలేదు కాబట్టి ఎలాగూ అమ్మానాన్నల సంతకం కావాలి. ఆదివారం నేనొస్తున్నాను, అప్పటిదాకా సంతకం అడక్కు. షరతులన్నీ అక్కతో కలిసి చదువుదాం. 48 లక్షల జీవిత బీమా దగ్గర అక్క ఆగిపోతుంది. అక్కడ తొందరపెట్టకు నాన్నా, ఎంతసేపైనా కూర్చో.

మీ మామయ్య