ఆరు ముక్కలు, ఒక్క పెద్ద ఊనిక

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో జరిగిన వక్తృత్వ పోటీలో 'రెస్పాన్సిబిలిటీ' అనలేక మూడుసార్లు తడబడి, కళ్లనీళ్లతో వేదిక దిగింది. ఆ మాట ఎలా నేర్పాలి?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, కడపలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఈ మాట దగ్గర ఆగిపోయిన పిల్లలను ఎందరినో చూశాను. పాపను ఒక్క మాట కూడా అనకండి.

మన పద్యంలో గురులఘువులు పలికే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఇంగ్లీషు దారి వేరు. మాటలో ఒక ముక్కను గట్టిగా, కాస్త పైస్వరంలో పలికి, మిగతావాటిని తేలికగా దాటేస్తారు. ఆ గట్టిదనమే ఊనిక. మన పిల్లలు అన్నిటినీ సమానంగా మోయబోయి అలసిపోతారు.

రి-స్పాన్-సి-బి-లి-టి. అసలు ఊనిక నాలుగోదైన 'బి' మీద. 'స్పాన్' మీద కొద్దిగా. 'రెస్పాన్సిబుల్' అన్నప్పుడు బరువంతా 'స్పాన్' మీదే. చివర 'ఇటీ' చేరగానే ఆ బరువు 'ఇటీ'కి ముందున్న ముక్క మీదికి జరుగుతుంది. 'యూనివర్సిటీ'లో 'వర్', 'ఎలక్ట్రిసిటీ'లో 'ట్రి' అలాంటివే.

ఈ మాటకు మూలం లాటిన్. అందులో 'రె' అంటే తిరిగి, 'స్పొండేరే' అంటే మాట ఇవ్వడం. బదులు చెప్పడమనే అర్థం అక్కడి నుంచే వచ్చింది. మన 'జవాబుదారీ'లోనూ జవాబు ఉంది కదా! ఈ పోలిక నాకెంతో ఇష్టం, పాపకు తప్పక చెప్పండి.

ఇక సాధన. చివరి నుంచి కట్టించండి: టి, లిటి, బిలిటి, సిబిలిటి, స్పాన్సిబిలిటి. 'బి' వచ్చిన ప్రతిసారీ ఒక చప్పట్టు కొట్టించండి. 'రి' ఆఖరున కలపండి.