వరదకన్నా చార్జి లిస్టుకే ఎక్కువ భయపడండి

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పంచాయతీ కాగితాల గురించే ఉన్నాయి. కొన్ని కార్యదర్శులు రాసినవి, కొన్ని ఆ కార్యదర్శుల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లు రాసినవి. రెండు రకాలూ కలిపే వేస్తున్నాను, ఎందుకంటే ఒకరి జవాబు ఇంకొకరికి పనికొస్తుంది.

ప్రశ్న: సార్, నేను కోనసీమలో ఒక లంక గ్రామానికి కార్యదర్శిని. మా ఆఫీసు ఏటిగట్టు లోపల ఉంది. గోదావరి పెద్దగా వచ్చిందంటే గదిలోకి నీళ్లొచ్చేస్తాయండి. 2022 జూలై వరదకి బీరువా కింది అర మొత్తం మునిగింది, నేనప్పటికి ఇక్కడ లేను. తడిసిన రిజిస్టర్లు ఎండలో ఆరబెట్టారట, ఇప్పుడవి చెక్కల్లా ఉన్నాయి, విప్పితే చిరుగుతున్నాయి. ముందే ఏం సర్దుకోవాలి, మళ్లీ తడిస్తే ఏం చేయాలి?

జవాబు: ముందు ఏది ఎత్తాలో తేల్చుకోండి. వరద రోజు పడవలో మీకు దొరికేది రెండు మూటల చోటు, అప్పుడు ఆలోచిస్తూ కూర్చోలేరు. లెక్క చాలా సులువు. పైనుంచి వచ్చిన కాగితం పైన ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఊళ్లో పుట్టిన కాగితం ఊళ్లోనే ఉంటుంది. సర్క్యులర్లు, జీవోలు, ట్రైనింగ్ పుస్తకాలు మునిగినా మళ్లీ తెచ్చుకోవచ్చు. జనన మరణాల రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకం, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్ (ఎవరెంత కట్టాలో, ఎంత కట్టారో రాసేది), ఆస్తుల రిజిస్టర్, క్యాష్ బుక్, ఎం-బుక్కులు (పనుల కొలతలు రాసే పుస్తకాలు), ప్లాన్ అప్రూవల్ ఫైళ్లు పోతే పోయినట్టే. ముఖ్యంగా ఆస్తుల రిజిస్టర్. చెరువు గట్టో, పోరంబోకు స్థలమో ఎవరో కలిపేసుకున్నప్పుడు కోర్టులో పంచాయతీ చేతిలో ఉండే పెద్ద ఆధారం అదే, కానీ మన ఆఫీసుల్లో దాన్నే అన్నిటికన్నా అడుగున పెడతారు, ఎందుకో మరి.

ఇవన్నీ పై అరలోకి మార్చండి. ఆ మూటలకి మాత్రం ఎర్రగుడ్డ కట్టండి, మిగతా వాటికి తెల్లగుడ్డ, కరెంటు లేని రాత్రి ఎవరో అటెండరు వచ్చి తీసినా తేడా తెలియాలి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, అంతదాకా ఆగొద్దు. భద్రాచలంలో 43 అడుగులు దాటి అక్కడ మొదటి హెచ్చరిక పడిందంటే ఆ నీళ్లు మన దగ్గరికే వస్తున్నాయి, అప్పుడే మూటలు గట్టు దాటించేయాలి. ఎక్కడికి అన్నది కూడా ఎండాకాలంలోనే మండల ఆఫీసుతో కాగితం మీద రాసుకోండి. తెలిసినవాళ్ల ఇంట్లో అటక మీద పెట్టడం మంచి మనసే కానీ, రేపు ఆ రిజిస్టర్ ఎవరి అధీనంలో ఉందని కోర్టులో అడిగితే జవాబుండదు.

ఇక తడిస్తే. ఎండ వద్దు. ఎండకి పైపేజీ గబగబా ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉండి పేజీలు అతుక్కుంటాయి, మీకు చెక్కలు దొరికింది అందుకే. నీడలో, గాలి ఆడే గదిలో, ఫ్యాను నేరుగా కాగితం మీద కాకుండా గోడ వైపు తిప్పి ఆరబెట్టాలి. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడి పీల్చాక మారుస్తూ ఉండాలి. న్యూస్‌పేపర్ కింద పరుచుకోవచ్చు కానీ రాతకి తగలనివ్వొద్దు, దాని సిరా అంటుకుంటుంది. అతుక్కున్న పేజీల్ని బలవంతంగా లాగొద్దు.

మీకున్న టైము దాదాపు రెండు రోజులే, ఆపైన బూజు మొదలవుతుంది, మన గాలిలో తేమకి ఇంకా ముందే రావచ్చు. వరద రోజుల్లో కరెంటు ఉండదు, ఫ్యానూ ఉండదు, మరి ఎలా అంటారా? దీనికి మన జిల్లాల్లో ఉన్న వసతి దేశంలో చాలాచోట్ల లేదు. రొయ్యల కోల్డ్ స్టోరేజీలు. తడిసిన పుస్తకాన్ని గడ్డకట్టిస్తే బూజు పెరగడం అక్కడితో ఆగిపోతుంది, ప్రపంచమంతా లైబ్రరీలవాళ్లు వరదలప్పుడు చేసేది ఇదే. రొయ్యల్ని ఉంచే మైనస్ 18 డిగ్రీల చలి దీనికి సరిపోతుంది. ఒక్కో రిజిస్టర్‌ని విడిగా పాలిథీన్ కవర్లో చుట్టి, పైన పేరు రాసి, ప్లాస్టిక్ ట్రేల్లో పెట్టి పంపండి. ఐసు దిమ్మలు చేసే ఫ్యాక్టరీ కాదు, ఫ్రీజర్ గది ఉన్న చోటుకే. తర్వాత తీరిగ్గా నాలుగైదు చొప్పున బయటికి తీసి, పైన చెప్పినట్టు నీడలో ఆరబెట్టుకోవచ్చు. భీమవరం చుట్టుపక్కల అలాంటి ప్లాంట్లకి కొదవలేదు, ఎంపీడీవో గారి చేత ముందే ఒక ఉత్తరం రాయించి ఒప్పించి పెట్టుకోండి. రొయ్యల వాసన వస్తుందని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఇప్పటికే చెక్కలయిపోయిన వాటిని మీరు విప్పకండి. పొడి గుడ్డలో చుట్టి, ‘విప్పరాదు’ అని చీటీ పెట్టి, పని తెలిసినవాళ్ల చేతికిచ్చేదాకా ఉంచండి. బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డతో తుడవొద్దు. ఇంకో చిన్న మాట, రిజిస్టర్లు మామూలు బాల్ పెన్నుతో రాయండి. ఆ సిరా నూనెది కాబట్టి నీళ్లకి చెదరదు, నీటి సిరా పెన్నులూ కొన్ని రకాల జెల్ పెన్నులూ వరదనీళ్లలో మరక తప్ప ఏమీ మిగల్చవు.

ప్రశ్న: నమస్తే అండి. మా తాతగారు 1982లో చనిపోయారు. పొలం పంపకాలకి ఆయన మరణ ధ్రువపత్రం కావాలంటున్నారు. పంచాయతీకి వెళ్తే ‘96 తుఫానులో పాతవన్నీ పోయాయమ్మా’ అని నోటితో చెప్పి పంపేశారు. మాది నరసాపురం వైపు. ఇంక దారే లేదా?

జవాబు: అమ్మా, 1996 నవంబరు తుఫాను కోనసీమని ఊడ్చిపెట్టిన మాట నిజమే, కానీ ఆ తుఫాను పేరు చెప్పి పోయిందన్న కాగితాలన్నీ నిజంగా తుఫానులోనే పోయి ఉంటే అది ఇంకా పెద్ద తుఫాను అయ్యుండాలి. ముందు ఒకటి చూడండి, 1982లో చాలా ఊళ్లలో ఆ రిజిస్టర్ రాసింది పంచాయతీ కాదు. అప్పుడు జనన మరణాలు రాసేది గ్రామ మునసబు, అంటే అప్పటి ఊరి సర్కారు అధికారి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం (ఊరి లెక్కలు రాసే ఉద్యోగి) పదవుల్ని రద్దు చేసింది. 1985లో తాలూకాల్ని విడదీసి మండలాలు చేసింది. అంటే మీ తాతగారి పేరున్న పుస్తకం రెండేళ్లలోపే రెండుసార్లు చేతులు మారే కాలంలో ఉంది. పంచాయతీలో వెతికి లేదంటే ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి మీ మండల తహసీల్దారు ఆఫీసులో వెతికించండి. అక్కడా లేకపోతే 1982లో మీ ఊరు ఏ తాలూకా కిందుందో కనుక్కుని, ఆ పాత తాలూకా కేంద్రంలోని తహసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో వెతికించండి, మీది నరసాపురం తాలూకానే కావచ్చు. అడిగేటప్పుడు ‘మా తాత సర్టిఫికెట్’ అని కాకుండా ‘1982 సంవత్సరం, ఫలానా గ్రామం, మరణాల రిజిస్టర్’ అని అడగండి. రికార్డు గదిలో కట్టలు ఊరు, సంవత్సరం ప్రకారం ఉంటాయి, పేరు ప్రకారం ఉండవు. తేదీ కచ్చితంగా తెలియకపోతే పెద్దకర్మ కార్డు, ఇంట్లో తద్దినం పెట్టే తిథి, ఏదున్నా పనికొస్తుంది.

నోటిమాటని మాత్రం ఒప్పుకోవద్దు. సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రిజిస్టర్ ఉందా, లేకపోతే ఎప్పుడు పోయింది, పోయినట్టు రాసిన కాగితం కాపీ ఇవ్వండి అని అడగండి. ఆ మూడో ప్రశ్నకి చాలా చోట్ల ‘దొరికిందండీ’ అనే జవాబు వస్తుంది.

నిజంగానే ఎక్కడా లేదని తేలితే, లేదనే మాటనే ధ్రువపత్రంగా తీసుకుని ఆలస్య నమోదుకి పెట్టుకోవాలి. ఏడాది దాటిన మరణానికి మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి, మన దగ్గర అది ఆర్డీవో ఆఫీసు నుంచి నడుస్తుంది. తిరగాలి, తప్పదు, కానీ దారి ఉంది.

ఒకరిద్దరు ఇదే విషయంలో 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం పేరు చెప్పి పంచాయతీకి నోటీసు ఇస్తామని రాశారు. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు, కేంద్రపాలిత ప్రాంతాలు, కేంద్ర సంస్థలకి, మీ ఊరి పంచాయతీకి కాదు. స్టాంపు ఖర్చు దండగ.

ప్రశ్న: బదిలీ మీద కొత్త పంచాయతీకి వచ్చాను. పాతాయన ‘అన్నీ బీరువాలో ఉన్నాయి, చార్జి తీసుకున్నట్టు సంతకం పెట్టెయ్యి తమ్ముడూ’ అంటున్నారు. పెద్దాయన, మొహమాటంగా ఉంది. పెట్టేయనా?

జవాబు: పెట్టొద్దు. నాకు తెలిసినంతలో పంచాయతీ కాగితాలు ఎక్కువగా పోయేది వరదలకి కాదు, సరిగ్గా ఈ సంతకం దగ్గర. వరదకి పోతే ఊరంతా చూస్తుంది, పైకి రిపోర్టు వెళ్తుంది, ఫొటో ఉంటుంది. చార్జి అప్పగింతలో పోయిన పుస్తకం సంగతి పదేళ్ల తర్వాత ఎవరో కోర్టు సమన్లు తెచ్చినప్పుడు బయటపడుతుంది, అప్పటికి మధ్యలో ఎంతమంది కార్యదర్శులు మారారో ఎవరికీ గుర్తుండదు, చివరి సంతకం ఎవరిదైతే వాళ్లే దొంగ.

‘రిజిస్టర్లు – ఒక బీరువా’ అని రాసిన చార్జి లిస్టులు (అప్పగింత జాబితాలు) చూశాను. అది లిస్టు కాదు. ఒక్కో పుస్తకానికి ఒక్కో వరుస ఉండాలి. పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని పేజీలు, చివర రాసిన పేజీ ఎంత, చిరిగినవి ఏవి, ఖాళీగా వదిలినవి ఏవి. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీలు తప్పకుండా చూడండి. మధ్యలో వదిలిన పేజీ ఉందంటే పాత తేదీతో కొత్త తీర్మానం రాసుకునే చోటు వదిలారన్నమాట, దాన్ని అడ్డంగా గీసి ఇద్దరూ సంతకం పెట్టండి. రసీదు పుస్తకాల్లో వాడనివి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉన్నాయో రాయండి. ఉండాల్సి ఉండి కనిపించనివి విడిగా ‘అప్పగించనివి’ అని రాసి, దాని మీద ఆయన సంతకమే తీసుకోండి. రాయనంటే మీరే రాసి ఎంపీడీవోకి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

పెద్దాయన నొచ్చుకుంటారని మీ భయం. ‘మీ మేలుకే గురువుగారూ, రేపు ఆడిట్‌లో మీ పేరు రాకూడదు’ అనండి, అది అబద్ధం కూడా కాదు. పైగా రికార్డుల్ని జాబితా కట్టి ఉంచాలన్నది మీ సొంత చాదస్తం కాదు, 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో మొట్టమొదటి మాటే అది. అందరూ ఆ చట్టాన్ని దరఖాస్తుల చట్టమనే అనుకుంటారు.

ప్రశ్న: గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. పాత రిజిస్టర్లన్నీ ఫోన్‌తో స్కాన్ చేసేశాను. గది ఖాళీ అవుతుంది, పాతవి తూకానికి వేసేయొచ్చా? మా వాళ్లు అడుగుతున్నారు.

జవాబు: వేయొద్దు బాబూ. స్కాన్ చేయడం మంచి పని, అసలు పుస్తకం రోజూ తిప్పి నలిగిపోకుండా ఉంటుంది, వరదకి పోయినా విషయం మిగులుతుంది. కానీ కోర్టులో ఫైలు చూపించాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, ఏ పరికరంతో తీశారు, ఎవరి అధీనంలో ఉంది అని. మీ సొంత ఫోన్‌లో, ఏదో ఉచిత యాప్‌తో తీసిన దానికి ఆ సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు? అన్నట్టు, అందరూ వాడే కామ్‌స్కానర్‌ని కేంద్రం 2020 జూన్‌లోనే నిషేధించింది, ఇంకా ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే ఊరి కాగితాలు అందులో పెట్టొద్దు.

ఆఫీసు స్కానర్‌తో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) తీయండి. ‘స్కాన్ 0047’ లాంటి పేర్లు పెడితే స్కాన్ చేయనట్టే లెక్క, ఊరు, రిజిస్టర్, సంవత్సరం, పేజీ వచ్చేలా పేరు పెట్టండి. మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి మరో ఊళ్లో ఉండాలి, ఒకే బీరువాలో మూడు పెన్‌డ్రైవులు పెట్టి మూడు కాపీలు అనుకోవద్దు.

ఏది పారేయొచ్చు అన్నది మీరూ నేనూ నిర్ణయించేది కాదు. పాత ఆఫీసు పద్ధతిలో ఫైలు మూసేటప్పుడే దాని ఆయుష్షు రాస్తారు. ఎల్‌డిస్ అంటే ఏడాది, కెడిస్ అంటే మూడేళ్లు, డీడిస్ అంటే పదేళ్లు, ఆర్‌డిస్ అంటే శాశ్వతం. ఫైలు మీద ఆ అక్షరం చూసి, గడువు దాటినవాటికి జాబితా కట్టి, పై అధికారి అనుమతి తీసుకుని అప్పుడు తగలబెట్టాలి. జనన మరణాల రిజిస్టర్ల జోలికి అసలే పోవద్దు, అవి శాశ్వతం. ఎవరైనా సమాచార హక్కు కింద అడిగిన కాగితాన్ని నాశనం చేస్తే రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జీతంలోంచి కట్టాల్సి రావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారి పాత పట్టా చిరుగుతోందని లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాను.

జవాబు: ఆగండి. ఆ వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ విడదీయలేరు, వెనక ముద్ర, స్టాంపు పరీక్షించడం కష్టమవుతుంది. సెల్లోటేపూ వద్దు, కొన్నాళ్లకి పసుపు మరక మిగులుస్తుంది. మడత పెట్టకుండా పెద్ద కవర్లో పెట్టి, ఆ కవర్ మూతి కొంచెం తెరిచి, బీరువా అడుగున కాకుండా మధ్య అరలో ఉంచండి. పైన ఒక జిరాక్స్ పెట్టండి, చూపించాల్సి వస్తే అదే తీయొచ్చు.

ప్రశ్న: ఇంటి పన్ను కట్టినప్పుడు మెషిన్‌లోంచి వచ్చిన రసీదు తెల్లకాగితం అయిపోయింది. మళ్లీ కట్టమంటే ఏం చేయాలి?

జవాబు: అది థర్మల్ కాగితం, దాని మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది, అదే వేడికి, వెలుతురుకి, ప్లాస్టిక్ కవర్‌కి వెలిసిపోతుంది. మీరు కట్టిన సంగతి డిమాండ్ రిజిస్టర్‌లో ఉంటుంది, మీ అసెస్‌మెంట్ నంబరు (ఇంటి పన్ను నంబరు) చెప్పి ఆ ఏడాది వసూలు కాలమ్ చూపించమనండి. ఫోన్‌తో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీసుకెళ్లండి. ఇకనుంచి రసీదు చేతికొచ్చిన రోజే జిరాక్స్ తీయించి, తారీఖు వేసి, ఆ జిరాక్స్‌నే దాచుకోండి.