డాక్టర్ సలహా: కత్తి సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబ్ సంగతి చూద్దాం

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మూణ్నెల్ల క్రితం ఆన్‌లైన్‌లో మంగలి కత్తి తెప్పించుకుని వీడియోలు చూసి నేర్చుకుని ఇంట్లోనే గడ్డం గీసుకుంటున్నా. బుగ్గల మీద బానే ఉంటుంది గానీ దవడ కింద, మెడ మీద పొక్కులు, మంట, కొన్ని చోట్ల వెంట్రుక చర్మం లోపలే ముడుచుకుని కనిపిస్తోంది, నల్లమచ్చలు పడుతున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఈ మధ్య గుండ్రంగా ఎర్రటి దద్దు ఒకటి వచ్చింది, దురద. కత్తి ఏ యాంగిల్‌లో పట్టుకోవాలి? ఏ ఆఫ్టర్‌షేవ్ మంచిది? పటిక రుద్దొచ్చా? వచ్చే నెల ఎంగేజ్‌మెంట్ ఉంది. నాన్నకి షుగర్ ఉంది, నాకు లేదు.

జవాబు: బాబూ, మీరు అడిగిన మూడూ కత్తి చుట్టూ తిరిగే ప్రశ్నలే, నాకు కంగారు పుట్టించింది మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన ఆ క్రీమ్. పేరు రాయలేదు. రాస్తే తగ్గడం, మానేస్తే తిరగబెట్టడం, దానికి తోడు గుండ్రటి దురద దద్దు, ఇవన్నీ కలిపి చూస్తే అందులో స్టెరాయిడ్ ఉండే ఉంటుందని నా అనుమానం, చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఇప్పుడే ట్యూబ్ తీసి వెనక చిన్న అక్షరాలు చదవండి, క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, వీటిల్లో ఏదున్నా అది స్టెరాయిడే. మన దగ్గర షాపుల్లో చేతికిచ్చే వాటిల్లో చాలావరకు ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు మూడూ కలిపి ఉంటాయి, ఏ రోగమైనా ఏదో ఒకటి పని చేస్తుందిలే అన్న లెక్క.

స్టెరాయిడ్ మంట, ఎరుపు, దురద రెండ్రోజుల్లో అణిచేస్తుంది కాబట్టి తగ్గిందనిపిస్తుంది. లోపల ఫంగస్ ఉంటే అది నివురుగప్పిన నిప్పే, పైకి ఎరుపు తగ్గినట్టుంటుంది, కింద పాకుతూ పోతుంది, మామూలు తామరలా కూడా కనపడదు, చూసే డాక్టర్‌ని కూడా తికమక పెడుతుంది. పైగా మొహం, మెడ చర్మం పల్చన. అక్కడ క్లోబెటసాల్ లాంటి ఘాటు మందు వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు బయటికి కనపడతాయి, మొటిమలు లేస్తాయి, రంగు తేడా వస్తుంది, ఎండలోకి వెళ్తే మండుతుంది. మన విజయవాడ, గుంటూరు ఎండలు తెలిసినవే కదా. అలాంటి పల్చటి చర్మం మీద రోజూ కత్తి నడిపితే ఇక చెప్పేదేముంది.

2018లోనే కేంద్రం ఈ స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా నా ఓపీలో ప్రతి వారం ఈ బాపతు మొహాలు వస్తూనే ఉంటాయి, "ఎవరు రాశారమ్మా" అంటే "షాపాయన ఇచ్చాడు సార్" అంటారు, లేదా పక్కింటి వాళ్లకి పని చేసిందంటారు. చదువుకున్న వాళ్లే ఎక్కువ. షాపాయన మీ మెడ చూడలేదు, మీరు చెప్పిన మాట విని ఇచ్చాడు, రేపు మచ్చ పడితే అది మీ మెడ మీదే ఉంటుంది.

మీరు ఎన్నాళ్లు రాశారో రాయలేదు. రెండు మూడు వారాలు దాటితే ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది చూసిన డాక్టరే చెప్పాలి, అందుకే ఈ వారంలోనే చర్మం డాక్టర్‌కి చూపించుకోండి. కొత్తపేటలో కావలసినన్ని క్లినిక్‌లున్నాయి, ఖర్చనుకుంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ఆపాక కొన్నాళ్లు ఎరుపు, మంట ఇంకా ఎగదన్నొచ్చు, అప్పుడు భయపడి మళ్లీ అదే ట్యూబ్ పట్టుకోకండి, అక్కడే చాలామంది జారిపోతారు. ఆ దద్దు ఫంగస్సా కాదా అన్నది చర్మం పొట్టు కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే చాలావరకు తేలిపోతుంది, చిన్న పరీక్షే.

ఇక కత్తి. దాని తప్పు పెద్దగా లేదు, నున్నగా రావాలన్న పట్టుదలదే తప్పు. చర్మాన్ని బాగా లాగి పట్టుకుని వెంట్రుక వాలుకి ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టం కన్నా కిందికి తెగుతుంది, వేలు వదలగానే లోపలికి జారుతుంది, ఏటవాలుగా తెగిన మొన పక్క గోడలో గుచ్చుకుంటుంది. ఉంగరాల గడ్డం అయితే బయటికొచ్చిన కొస కూడా వంగి మళ్లీ చర్మంలోకే దిగుతుంది. ఒళ్లు దాన్ని ముల్లు దిగినట్టే చూస్తుంది, వాచి పొక్కు లేస్తుంది, చాలాసార్లు అందులో క్రిములే ఉండవు, కాబట్టి యాంటీబయాటిక్ మింగినా ప్రయోజనం ఉండదు.

అందుకని ముందు కనీసం నాలుగు వారాలు కత్తి పక్కన పెట్టేయండి. ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటర్ వదిలి కట్ చేసుకోండి, లోపల ఇరుక్కున్నవి చాలావరకు వాటంతట అవే బయటికి వస్తాయి. ఎంగేజ్‌మెంట్ అంటారా, పెళ్లికూతురు తరఫు వాళ్లు ఫొటోలో పొట్టి గడ్డం చూసి ఏమీ అనుకోరు, పొక్కులు మాత్రం కనపడతాయి. పిన్నీసు పెట్టి కెలకొద్దు, దవడ దగ్గర కెలికితే కొందరికి గట్టి కాయలా మచ్చ ఉండిపోతుంది. వెంట్రుక వంపు పైకి కనపడుతుంటే గోరువెచ్చటి గుడ్డ అద్ది, స్పిరిట్‌తో తుడిచిన ట్వీజర్‌తో కొస మాత్రం పైకి లేపి వదిలేయండి, పీకొద్దు.

మళ్లీ మొదలు పెట్టాక, డాక్టర్ సరేనంటేనే, స్నానం అయ్యాక గీసుకోండి, నురగ పట్టించి రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. యాంగిల్ అడిగారుగా, సుమారు 30 డిగ్రీలు, కత్తి బరువే పని చెయ్యాలి, మీ చెయ్యి నొక్కకూడదు. రెండ్రోజుల గడ్డం మీద వేలు పెట్టి అన్ని వైపులా రుద్ది చూడండి, నున్నగా జారే వైపు వాలు, గరగరలాడేది ఎదురు. బుగ్గల మీద వాలు కిందికే ఉంటుంది, మెడ మీద మాత్రం ఒక్కోచోట ఒక్కో వైపు తిరుగుతుంది, వీడియోలో ఆయన మెడ వేరు మీ మెడ వేరు. వాలుగా ఒకసారి చాలు, అదే చోట నురగ లేకుండా రెండోసారి లాగొద్దు. మొద్దు కత్తి వెంట్రుకని కొయ్యకుండా పీకుతుంది, అసలు కత్తి అయితే ప్రతిసారీ తోలు పట్టా మీద నూరాలి, బ్లేడ్ వేసేదైతే ప్రతిసారీ కొత్తది వెయ్యండి, పొడిగా తుడిచి పెట్టండి. తమ్ముడు, బావమరిది వాడుకుంటామన్నా ఇవ్వొద్దు. ఎండిన రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఏడు రోజులైనా బతికుంటుంది.

పటిక చిన్న గాటుకి రక్తం ఆపుతుంది, అంతే, పొక్కులకి మందు కాదు, ఇంటిల్లిపాదికీ ఒకే రాయి అసలొద్దు. ఆల్కహాల్, ఘాటు వాసన ఉన్న ఆఫ్టర్‌షేవ్‌లు మీకు ఇప్పుడు పడవు, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ చాలు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి ఈ పొక్కులకి వాడతాం, పేరు చెప్పాను కదా అని షాపుకెళ్లి కొనేయకండి, ఇప్పుడున్న చర్మం మీద మంటెత్తిపోతారు. అప్పటికీ మాటిమాటికీ వస్తుంటే వెంట్రుకలు తగ్గించే లేజర్ ఉంది, మన రంగుకి అందులో 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం సేఫ్, కాకపోతే చర్మం కుదుటపడ్డాకే, అదీ డాక్టర్ దగ్గరే, పార్లర్‌లో కాదు.

చివరికి నాన్నగారి షుగర్. "నాకు లేదు" అన్నారు, ఎప్పుడు చూపించుకున్నారు? ఫంగస్, చీము పొక్కులు తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే వాళ్లలో షుగర్ బయటపడటం మాకు మామూలే. పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి, ఈ రెండోది 5.7 శాతం దాటితే జాగ్రత్త పడాలి, 6.5 కి వచ్చిందంటే దాదాపు షుగర్ కిందే లెక్క, ఇంకోసారి చేసి నిర్ధారించుకుంటాం. జ్వరం వచ్చినా, వాపు పాకుతున్నా, పై పెదవి దగ్గరో ముక్కు పక్కనో నొప్పి గడ్డ లేచినా పిండకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఇదంతా మీ ఉత్తరం చూసి చెప్పింది, మెడ చూసి చెప్పింది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు గడ్డం గీసుకోకుండా, ఏ క్రీమూ రాసుకోకుండా వెళ్లండి, ఖాళీ అయిపోయినా సరే ఆ ట్యూబ్ జేబులో వేసుకెళ్లండి.