అక్కను అడగకుండా అమ్మ కథ ఎలా రాస్తారు?

ప్రశ్న: మాది దివిసీమ. నాన్న ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన పోయి పదేళ్లు, అమ్మ పోయి పది నెలలు. అమ్మ సంవత్సరీకానికి ఇద్దరి జీవితాలతో ఒక పుస్తకం వేయించి బంధువులకు పంచాలని 84 పేజీలు రాశాను. కొన్ని మీకు పంపుతున్నాను. నాన్న క్రమశిక్షణ గల మనిషే గానీ, కొన్నేళ్లు పేకాటలో పడి అమ్మ నగలు పోగొట్టారు. అది రాయాలా, వదిలేయాలా? అక్కకు చదవమని పంపితే "ఇందులో మన అమ్మ లేదురా" అని ఫోన్ పెట్టేసింది. రెండు నెలలుగా మాటల్లేవు. అమ్మ చివరి ఆరేళ్లు తన దగ్గరే ఉందని కూడా రాశాను. ఆస్తి గొడవలు లేవు. ఇల్లు నా పేర మార్పించుకున్నాను, పెళ్లయిన ఆడపిల్ల కాబట్టి అక్క ఏమీ అడగలేదు. పదో తరగతితో ఆపేసిన మనిషికి పుస్తకం గురించి ఏం చెప్పను? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పేకాట సంగతి రాయండి, లేదా మానేయండి. పెద్ద తేడా ఏమీ రాదు. మీ బంధువులందరికీ అది తెలిసే ఉంటుంది. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అది కాదు, మీ అక్కగారు అన్న ఆ ఒక్క ముక్క.

మీరు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. నాన్నగారు ఏ ఊళ్లో ఎన్నాళ్లు పనిచేశారో, ఏ ట్రాన్స్‌ఫర్ ఎందుకు వచ్చిందో తేదీలతో సహా ఉంది. అమ్మగారి దగ్గరికి వచ్చేసరికి "అన్నపూర్ణ, ఓర్పులో భూదేవి" అని రాశారు. అన్నపూర్ణ సరే, ఏం వండేవారు? ఆవిడకు ఏ కూర ఇష్టం? ఎవరి మాట పడేది కాదు? నగలు పోయిన రోజు నాన్నగారితో ఏమన్నారు? భూదేవి అనేస్తే ఇవేవీ చెప్పక్కర్లేదు. పెద్దకర్మ కార్డు మీద వేసే మాటలవి, ఏ ఇంటి అమ్మకైనా సరిపోతాయి.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి మూడు పేజీలు రాశారు. వేల ప్రాణాలు పోయిన రాత్రి అది. నీళ్లు తీశాక నాన్నగారు తడిసిన స్కూలు రిజిస్టర్లను ఒక్కో కాగితం విడదీసి ఎండలో ఆరబెట్టడం బాగా రాశారు, నా కళ్లకు కట్టింది. మరి ఆ రాత్రి అమ్మగారు ఎక్కడున్నారు? మిమ్మల్ని ఎత్తుకుని ఉన్నదెవరు? ఆ వాక్యం ఎక్కడా లేదు. మీకప్పుడు పదకొండేళ్లు, అక్కకు పదిహేను అని మీరే రాశారు. అంటే ఆవిడ పదో తరగతిలో ఉన్న ఏడు అది. "పదో తరగతితో ఆపేసిన మనిషి" అని తేలిగ్గా అనేశారు. ఎందుకు ఆపేసిందో ఎప్పుడైనా అడిగారా? ఆ జవాబులోనే మీ అమ్మగారి కథ సగం ఉంటుందని నా నమ్మకం.

అడక్కపోయినా ఆస్తి మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. అది నాన్నగారు తన జీతంతో కట్టుకున్న ఇల్లయి, వీలునామా లేకపోతే, కూతురికీ సమాన వాటా ఉంటుంది. అది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. పెళ్లయిందన్నది అడ్డు కాదు. ఆవిడ అడగకపోవడం ఆవిడ మంచితనం. దాన్ని మీరు లెక్క తేలిపోయినట్టు రాయడం నాకు నచ్చలేదు.

ఆరేళ్లు ఒక ముసలితల్లికి నీళ్లు పోసి, జడ వేసి, రాత్రిళ్లు లేచి మంచం దగ్గర కూర్చున్న మనిషికి ఆ తల్లి గురించి మొదటి మాట చెప్పే హక్కు ఉంటుంది. ఇది నా గట్టి అభిప్రాయం. మీరు ఆ ఆరేళ్లనూ ఒక వాక్యంలో సర్దేశారు.

మా ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉంది. దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన మా అమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరుతో. పక్కన ఇచ్చిన మేనమామ పేరు, తారీఖు. రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో అంతా మా నాన్నగారి ఇంటిపేరే. అమ్మ పుట్టింటి మనిషిగా మిగిలింది ఆ బిందె మీదే. ఇలాంటి సామాను మీ అక్కగారింట్లో తప్పక ఉంటుంది. అమ్మగారు వెంట తీసుకెళ్లిన ట్రంకుపెట్టె ఉంటుంది. పాల లెక్క రాసిన పాత క్యాలెండర్ ఉన్నా ఆశ్చర్యపోను.

ముందు ఫోన్ చేసి "అక్కా, వస్తున్నా" అనండి. రాసిన కాగితాలు తీసుకెళ్లకండి. రెండు రోజులు ఉండండి. ఆవిడ వంటింట్లో ఉంటే పక్కన పీట వేసుకుని కూర్చోండి. పుస్తకం ఊసెత్తకుండా, ఉప్పెన రాత్రి సంగతి అడగండి. తిడితే పడండి. ఏడిస్తే లేచి వెళ్లిపోకండి. పుస్తకం ఈ సంవత్సరీకానికి కాకపోతే పై ఏడు ఆబ్దికానికి వస్తుంది. వచ్చేటప్పుడు మాత్రం అక్కనూ బావగారినీ సంవత్సరీకానికి మీ నోటితో పిలిచి రండి.