కజిన్ అంటే బావా, అన్నయ్యా?

సందేహం: మాది కోనసీమ. ఒక ప్రేమకథ రాస్తున్నాను. కుర్రాడు ఇంజనీరింగ్ మూడో ఏడాది, బుల్లెట్ల క్లబ్బుకి లీడరు. అమ్మాయి ఫైనలియర్, ఆ క్లబ్బులో కొత్తగా చేరి అందరిలాగే అతన్ని 'అన్నా' అంటుంది. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిపోయిన ఆమె మేనత్త కొడుకే ఇతనని చివర్లో బయటపడుతుంది. అంతవరకూ గుట్టు దాచడానికి 'కజిన్' అని రాయొచ్చా? దానికి తెలుగు మాట ఏమిటి?

సమాధానం: ఒక్క మాట లేదండి. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలైతే అన్నాచెల్లెళ్ళు. మేనత్త, మేనమామ పిల్లలైతే బావామరదళ్ళు. మొదటి వరసలో పెళ్ళి మాట ఎత్తితే మామ్మ చేతిలో చెంబు విసిరేస్తుంది, రెండో వరస అయితే అదే మామ్మ ముహూర్తం ఎప్పుడని అడుగుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా కజిన్ అనే మాటలాగే అన్నాచెల్లెళ్ళ పిల్లల్నీ, అన్నదమ్ముల పిల్లల్నీ, అక్కచెల్లెళ్ళ పిల్లల్నీ ఒకే గాటన కట్టి పెళ్ళి కూడదంది గానీ, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది కాబట్టి మన మేనరికాలు సాగాయి.

మీ కథలో గుట్టంతా ఆ వరసలోనే ఉంది. కజిన్ అని రాస్తే అదే పోతుంది. ఈ బ్యాచ్ కోటిపల్లి రేవులో బళ్ళు పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించి, ముక్తేశ్వరం వైపు దిగి, అమ్మాయి ఇంటి ముందు ఆగిందనుకోండి. అరుగు మీద మామ్మ ఊరుకోదు కదా, "ఎవరి తాలూకు బాబూ?" అని మొదలుపెట్టి ఊరు, ఇంటిపేరు, తల్లి పేరు దాకా వస్తుంది. తల్లి పేరు వినగానే ఆవిడ చప్పున లోపలికి వెళ్ళిపోవాలి. కాసేపటికి వంటింట్లోంచి "మీ బావకి మజ్జిగ ఇచ్చావటే?" అని నోరు జారితే చాలు, ఫ్లాష్‌బ్యాక్ నాలుగు పేజీలు తగ్గుతాయి.

'కుటుంబ రహస్యం' అనకుండా గుట్టు అన్నారు, అది బాగుంది. రహస్యంలో దాచడమే ఉంది, గుట్టులో పరువు కూడా ఉంది. 'గుట్టుగా బతికారు' అంటే మెచ్చుకోలే. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అనే సామెత మాత్రం గోదారి మధ్య లంక ఊళ్ళో కథ కదా అని పదిసార్లు వాడకండి, ఒక్కసారికి సరే. అన్నట్టు, కొడుకు 'క్లబ్బుకి వెళ్తున్నా' అంటే మన వైపు పెద్దవాళ్ళకి ముందు పేకాటే గుర్తొస్తుంది. ఆ అపార్థాన్ని వాడుకోవచ్చు.

ఇక 'అన్నా'. బ్యాచ్‌లో అది హోదా, చుట్టరికం కాదు, నిజమే. కానీ మన అమ్మాయిలు కొత్తవాణ్ణి అన్నయ్యా అని పిలిచేది చాలాసార్లు వేరే ఆలోచన పెట్టుకోకు అని చెప్పడానికే. మూడు అధ్యాయాలు అన్నా అని పిలిపించి నాలుగో అధ్యాయంలో ప్రేమ పుట్టిస్తే చదివేవాడికి ఇబ్బంది. అందరూ అన్నా అంటున్నా ఈ పిల్ల ఒక్కతీ అనకపోతేనే అందం. మొదట్లో మన గోదారి మర్యాదకి 'మీరు, అండి' అననివ్వండి, ఏదో ఒక గొడవలో నోరు జారి 'నువ్వు' లోకి దిగుతుంది, అక్కణ్ణించి 'బావా' ఎంతో దూరం కాదు. పొరపాటున కూడా 'ఏవండీ' అనిపించకండి, పెళ్ళయిపోయిందనుకుంటారు.

ఇంకో చిక్కుంది. బావ అంటే వయసులో పెద్దవాడు. మీ అమ్మాయి ఫైనలియర్, కుర్రాడు మూడో ఏడాది అన్నారు. చిన్నవాడైతే అతను బావ కాడు, మరిది అవుతాడు. అతనికి ఆమె వదిన. క్లైమాక్సులో బుల్లెట్ దిగి "వదినా!" అంటాడు మరి. ఇద్దరి క్లాసులూ అటూ ఇటూ మార్చండి.